ఆటల కంప్యూటర్ – అల్పాదాయ విద్యార్థి

ఆట అనే మాట వినగానే పెద్దల నొసలు ముడివడుట నేడు పుట్టిన వింత కాదు. ఒకప్పుడు గోలీలాడే పిల్లవానిని, తరువాత క్యారమ్ బల్ల చుట్టూ చేరినవానిని, ఆ తరువాత రేడియోలో క్రికెట్ వ్యాఖ్యానానికి చెవి అప్పగించినవానిని మందలించినట్లే, నేడు కంప్యూటర్ ముందు కూర్చుని ఆడే విద్యార్థిని మందలిస్తున్నారు. ఆ మందలింపులో న్యాయం లేకపోలేదు. దానిని కాదనటానికి మేము ఈ వ్యాసం వ్రాయటం లేదు. ఆట మంచిదా, చెడ్డదా అన్న వాదం వేరు. పరిమితమైన సొమ్ము చేతబట్టుకొని, పాతబడిన ఆటల కంప్యూటర్‌ను బాగుచేసుకొనదలచిన విద్యార్థి ఆ సొమ్మును దేనిమీద పెట్టాలి, దేనిమీద పెట్టరాదు అన్న ప్రశ్న వేరు. ఈ రెండవదానిని గురించి మన కళాశాలలో ఎవరూ నోరు విప్పినట్లు కనబడదు. అందువల్ల ఆ ప్రశ్నకు జవాబు చెప్పేవాడు అమ్మకందారు ఒక్కడే మిగిలినాడు. అమ్మేవాడు కొనవద్దని చెప్పడు గదా!

మా అభిప్రాయాన్ని మొదటనే మనవి చేస్తాము. తక్కువ సొమ్ముతో పాత యంత్రానికి ప్రాణం పోయాలనుకొనేవారు సాధారణంగా గ్రాఫిక్స్ కార్డుతో ఆరంభిస్తారు. అది తలక్రిందుల పద్ధతి. కార్డు చివర రావాలి. మొదట రావలసినవి శుభ్రత, విద్యుత్తు, జ్ఞాపకశక్తి. అన్నిటికంటె ముందు రావలసినది, యంత్రం ఎక్కడ ఆగుతున్నదో కనిపెట్టగల ఓపిక. ఈ మాట మేము పుస్తకాలు తిరగవేసి చెప్పుట లేదు; తొమ్మిది వేల రూపాయలు పొగ చేసుకొని చెప్పుచున్నాము.

మాలో ఒకని ఇంట ఇంటెల్ నాలుగవ తరం ప్రాసెసర్ గల కంప్యూటర్ ఉన్నది. ఆ ప్రాసెసర్ 2013లో బజారుకు వచ్చినది. మూతబడిన ఒక ఇంటర్నెట్ కేంద్రం నుండి 2019లో అతని అన్నగారు ఆ యంత్రాన్ని మానిటర్‌తో సహా కొని తెచ్చినారు. ఎనిమిది జీబీల ర్యామ్ ఒకే పలకగా ఉన్నది. చక్రంలా తిరిగే పాత హార్డ్ డిస్క్ ఉన్నది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఐనను 2012 నాటి 'కౌంటర్ స్ట్రైక్: గ్లోబల్ అఫెన్సివ్' ఆటను ఆ యంత్రం కష్టం తెలియకుండా ఆడించేది. ఆదివారం మధ్యాహ్నాలు మేము నలుగురం అక్కడే ఉండేవారము. 2023 సెప్టెంబరులో ఆ ఆటను తొలగించి, దాని స్థానంలో 'కౌంటర్ స్ట్రైక్ 2'ను ప్రవేశపెట్టినారు. మరునాటి నుండి అదే యంత్రం, అదే గది, అదే నలుగురం. తెరమీద బొమ్మ మాత్రం అడుగు తీసి అడుగు వేయలేకపోయినది. ఇక్కడ ఒక సంగతి గమనింపదగినది. యంత్రం ఒక్క రాత్రిలో ముసలిది కాలేదు, ఆట బరువెక్కినది. కాలం చెల్లినదని మనం చెప్పుకొనే వస్తువులలో చాలవాటి కథ ఇదే.

2024లో, దసరా దీపావళి పండుగల మధ్య, అతని తల్లి తొమ్మిది వేల రూపాయలు అతని చేతిలో పెట్టినది. ఆ సొమ్ము రెండు పండుగల కాలంలో ఆమె కుట్టుమిషనుపై సంపాదించిన కూలి. అందులో ఏడున్నర వేలకు వాడిన 'ఆర్‌ఎక్స్ 580' కార్డు, ఏడు వందలకు '500 వాట్స్' అని పెద్ద అక్షరాలతో ముద్రించిన ఎస్‌ఎంపిఎస్, మిగిలిన ఎనిమిది వందలకు రంగురంగుల దీపాలు వెలిగే రెండు ఫ్యాన్లు కొన్నాము. ఆ ఫ్యాన్ల ప్రస్తావన దాచవచ్చును గాని, దాచుట న్యాయం కాదు. మూడవనాటి సాయంత్రం ఆట మధ్యలో టప్‌మని శబ్దం, ఆ వెంటనే మాడిన వాసన. ఎస్‌ఎంపిఎస్ పోయినది, పోతూ పోతూ కార్డును వెంటబెట్టుకొని పోయినది. అమ్మిన దుకాణానికి వెళ్ళగా, 'టెస్టింగ్ వారంటీ' మాత్రమే ఇచ్చామని జవాబు వచ్చినది. అనగా దుకాణంలో వెలిగితే చాలు, ఇంట్లో ఏమైనా వారికి పట్టదు. ఆ నియమం మాకు తెలియకపోవుట మా తప్పే. తల్లి ఏమీ అనలేదు. అనియుంటే మాకు కొంత తేలికగా ఉండేది.

తరువాత ఆ ఎస్‌ఎంపిఎస్ ప్రక్కన అంటించిన కాగితాన్ని తీరికగా చదివినాము. కొనే ముందే చదివియుండవలసినది. కంప్యూటర్‌లో ప్రాసెసర్‌కు, గ్రాఫిక్స్ కార్డుకు విద్యుత్తును అందించేది ముఖ్యంగా 12 వోల్టుల తీగ. ఆ తీగ ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో ఆ కాగితం మీదనే ఉంటుంది. మా దానిమీద 14 అని ఉన్నది. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వచ్చునని పదవ తరగతిలో అందరమూ చదివినవారమే. పన్నెండు పద్నాలుగులు 168. మేము కొన్న కార్డు ఒక్కటే 185 వాట్ల వరకు కోరుతుంది. ప్రాసెసర్ కోరికను ఇంకా కలుపలేదు. పెట్టెమీద ఐదు వందలు, లోపల నూట అరవై ఎనిమిది! నిజాయితీగా తయారైన 450 వాట్ల ఎస్‌ఎంపిఎస్‌పై ఆ 12 వోల్టుల వరుసలో 36 ఆంపియర్ల వరకు కనబడుతుంది, గుణిస్తే 432. ఈ చిన్న గుణకారం చేయటానికి ఒక్క నిమిషం పట్టదు. పరీక్షలో చేసినాము, బజారులో చేయలేదు. మనం చదివే చదువుకు, మన సంచికి నడుమ ఉన్న దూరం ఎంతో ఆ కాగితం మాకు చూపినది.

అదిగాక ఆ కార్డు పూర్వచరిత్రను మేము విచారించలేదు. 2022 సెప్టెంబరు వరకు 'ఎథీరియం' అనే అంకెల నాణెమును గ్రాఫిక్స్ కార్డులతో తవ్వేవారు. ఆ నెలలో ఆ పద్ధతి నిలిచిపోగా, రాత్రింబవళ్ళు నెలల తరబడి వేడిలో నడిచిన కార్డులు ప్రపంచమంతటా పాత బజారులకు చేరినవి. తుడిచి, కొత్త పెట్టెలో పెట్టినంత మాత్రాన వాటి వయస్సు తగ్గదు. మరొక మాయ కూడ ఉన్నది. 2017లో వచ్చిన అసలు 580లో 2304 గణన కేంద్రాలు ఉంటే, అదే పేరుతో తిరిగే మరొక రకంలో 2048 మాత్రమే ఉంటవి. పేరు ఒక్కటే, సరుకు వేరు. వాడిన కార్డులన్నీ చెడ్డవని మేము అనము. అమ్మేవాని ఎదుట అరగంటసేపు బరువైన ఆట ఆడించి, వేడిని చూచి, ఫ్యాను శబ్దం విని కొనాలని మాత్రం అంటాము. అందుకు ఒప్పుకొనని దుకాణం మెట్లు దిగి రావటమే మంచిది.

మరల ప్రయత్నించటానికి ఏడు నెలలు పట్టినది. ఈసారి సొమ్ము అతడు చిన్న పిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టినది: పదివేల రూపాయలు. ఇది 2025 వేసవి మాట. మేము క్రింద చెప్పే ధరలన్నీ ఆనాటి మా బేరాలు. నేటికి అవే ఉండునని ఎవరూ అనుకొనరాదు.

ఈసారి బజారుకు పోకముందు స్క్రూడ్రైవర్ పట్టుకొన్నాము. పన్నెండేళ్ళ దుమ్ము ప్రాసెసర్ ఫ్యాను క్రింద మెత్తని పరుపులా పేరుకొని ఉన్నది. ప్రాసెసర్‌కు, దాని వేడిని లాగే లోహపు దిమ్మెకు మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండి సున్నమైపోయినది. వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకొనటానికి వేగం తగ్గించుకొంటుంది. మనమేమో దానిని ముసలితనం అనుకొంటాము. బ్రష్షు, నూట యాభై రూపాయల పేస్ట్, ఒక గంట శ్రమ. ఇంత చవకైన మరమ్మతు మరొకటి లేదు.

తరువాత పరీక్ష. ఆటలో తెర పరిమాణాన్ని, అనగా బొమ్మలోని చుక్కల సంఖ్యను బాగా తగ్గించి చూడాలి. తగ్గించగానే ఆట వేగం పెరిగితే గ్రాఫిక్స్ భాగమే అలసిపోతున్నదని అర్థం. ఎంత తగ్గించినా వేగంలో మార్పు లేకపోతే, అలసినది ప్రాసెసర్; కొత్త కార్డు కొనుట వృథా. మా యంత్రంలో వేగం పెరిగినది. అనగా కార్డు అవసరమే. అయితే ఎంత పెద్ద కార్డు? ఈ ప్రశ్నకు జవాబు కార్డుల దుకాణంలో లేదు, బల్లమీద ఉన్న మానిటర్‌లో ఉన్నది. మా మానిటర్ అడ్డంగా 1600, నిలువుగా 900 చుక్కలు గలది. మొత్తం 14,40,000 చుక్కలు. అందరూ గొప్పగా చెప్పుకొనే 1920, 1080 కొలతలో 20,73,600 చుక్కలు ఉంటవి. అంటే మా కార్డు చేయవలసిన పని దానిలో డెబ్బై శాతం కూడ లేదు. పైగా మా మానిటర్ సెకనుకు 60 బొమ్మలకు మించి చూపలేదు. అటువంటి తెర ముందు 150 బొమ్మలు గీయగల కార్డును పెట్టుట, చెంబెడు బియ్యానికి గంగాళం పొయ్యిమీద ఎక్కించినట్లుంటుంది. అదనపు వేగం వల్ల చేతి స్పందన కొంత చురుకవుతుందని మా మిత్రులలో ఒకడు వాదిస్తాడు. అది నిజమే. ఆ కొంతకు వెల ఎవరు ఇవ్వాలి అన్నదే మా సందేహం.

ఖర్చు ఇట్లు సాగినది. పేరున్న తయారీదారుని 450 వాట్ల ఎస్‌ఎంపిఎస్ కొత్తది, రెండు వేల ఏడు వందలు. కంటికి కనబడని ఈ పెట్టెకు కార్డు తరువాత అధిక భాగం ఇచ్చినందుకు చాలమంది నవ్వినారు. నవ్వనివ్వండి. రెండవ ర్యామ్ పలక, వాడినదే, ఎనిమిది వందలు. ఇక్కడ ఒక మాట వివరించాలి. ఎనిమిది జీబీలు పదహారు కావటమే దీని లాభం కాదు. ఒక పలక ఉంటే ప్రాసెసర్‌కు ఒకే బాట, రెండుంటే రెండు బాటలు. మా యంత్రంలోని రకానికి ఒక బాటలో సెకనుకు 12.8 జీబీలు పోతే, రెండు బాటలలో 25.6 పోతవి. అందులోను, విడి కార్డు లేక ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే నెట్టుకొచ్చే యంత్రాలకు ఈ ఒక్క మార్పే పెద్ద ఊరట. కార్డు కొనే స్థోమత లేనివారు ఇక్కడ ఆగినా కొంత సుఖపడతారు.

ఆ తరువాత 240 జీబీల ఎస్‌ఎస్‌డి, పద్నాలుగు వందల యాభై. నిమిషానికి 7200 మార్లు తిరిగే హార్డ్ డిస్క్ ఒక్క చుట్టు తిరగటానికి సెకనులో నూట ఇరవయ్యవ వంతు పడుతుంది. కావలసిన అక్షరం సూది క్రిందికి వచ్చేదాకా ప్రాసెసర్ చేతులు కట్టుకొని కూర్చోవాలి. ఒక ఆట తెరవాలంటే ఇట్టి నిరీక్షణలు వేలసంఖ్యలో ఉంటవి. ఎస్‌ఎస్‌డిలో తిరిగేది ఏమీ లేదు. యంత్రం మేల్కొనుట, ఆట తెరుచుకొనుట, మైదానం మారుట, అన్నీ నిమిషాల నుండి సెకన్లకు దిగినవి. అయితే ఎస్‌ఎస్‌డి పెడితే ఆట మధ్యలో బొమ్మల వేగం రెట్టింపవుతుందని చెప్పే మాటలు నమ్మరాదు. అది తలుపు త్వరగా తీస్తుంది. లోపల పరుగెత్తవలసినది కార్డు, ప్రాసెసర్‌లే.

చివరకు కార్డు. వాడిన 'జీటీఎక్స్ 1050 టీఐ', నాలుగు జీబీలది, నాలుగు వేల నాలుగు వందలు. 2016 నాటి ఈ కార్డు 75 వాట్లకు మించి కోరదు. వేరే తీగ లేకుండ మదర్ బోర్డు నుండే విద్యుత్తు తీసుకొనే రకాన్ని ఎన్నుకొన్నాము. అదే సొమ్ముకు ఇంకా బలమైన కార్డు దొరికేది గాని, అది నాణెముల గనిలో పనిచేసి వచ్చినది కావచ్చునన్న భయం మమ్ము వదలలేదు. 2022లో వచ్చిన 'ఆర్‌ఎక్స్ 6400' మరింత తక్కువ విద్యుత్తుతో నడిచే కొత్త కార్డు గదా అని ఒకరు సూచించినారు. అది మదర్ బోర్డుతో నాలుగు దారులలో మాత్రమే మాటలాడుతుంది. కొత్త బోర్డులలో ఆ నాలుగు దారులూ విశాలమైనవి కనుక లోటు తెలియదు. మా వంటి పాత బోర్డులో అవి ఇరుకు సందులు. కొత్తది అన్నంత మాత్రాన పాతదానితో పొసగదు.

మొత్తం తొమ్మిది వేల ఐదు వందలు అయినది. ఆట నడిచినది. మరల చుక్కలు తగ్గించి పరీక్షించగా ఈసారి వేగంలో మార్పు రాలేదు. అంటే బరువు ప్రాసెసర్ మీదికి మారినది. దానికి కూడ మందు ఉన్నది: అదే బోర్డులో ఇమిడే ఎనిమిది దారాల ప్రాసెసర్ వాడినది దొరుకుతుంది. మేము కొనలేదు. కాళ్ళు చాపే ముందు దుప్పటి చూచుకొమ్మని తెలుగులోను, చాదర్ చూచుకొమ్మని ఉర్దూలోను మనకు రెండు ఇళ్ళలోను చెప్పినవారున్నారు. మిగిలిన ఐదు వందలు తల్లికి తిరిగి ఇచ్చినప్పుడు ఆమె లెక్కపెట్టుకొని, మరల అతని చేతిలోనే పెట్టినదట.

మా ఎన్నికలో లోపాలు లేవని చెప్పుట లేదు. మేము కొన్న తరం కార్డులకు కొత్త ఆటల కొరకు డ్రైవర్లు ఇచ్చుట 2025 అక్టోబరుతో ముగిస్తామని తయారీ సంస్థ ఆ జూలై చివరలోనే ప్రకటించినది. భద్రతకు సంబంధించినవి మాత్రం 2028 అక్టోబరు వరకు ఇస్తామన్నారు. అదే 2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ఆగిపోయినది. విండోస్ 11 ఇంటెల్ ఎనిమిదవ తరానికి ముందరి ప్రాసెసర్లను ఒప్పుకొనదు. మాది నాలుగవ తరం. అప్పటినుండి ఆ యంత్రంపై లినక్స్ వేసినాము. కౌంటర్ స్ట్రైక్ 2 లినక్స్‌లో సహజంగానే నడుస్తుంది. విండోస్ కొరకు వ్రాసిన అనేక ఆటలను లినక్స్‌లో నడిపించే 'ప్రోటాన్' అనే ఉచిత సాధనం 2018 నుండి ఉన్నది. అయితే వాలరెంట్ వంటి ఆటలు లినక్స్‌లో నడవవు. కనుక ఏ ఆట ఆడదలచినారో ముందు తేల్చుకొని, ఆ పిమ్మట యంత్రం సంగతి ఆలోచించాలి. సాధారణంగా మనం చేసేది దీనికి వ్యతిరేకం.

మొత్తం కొత్త యంత్రమే కొనరాదా అని కలిగినవారు అడుగవచ్చును. 2025 చివరి నెలలలో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగినవి. కృత్రిమ మేధ కొరకు నిర్మించే మహా గణన కేంద్రాలు జ్ఞాపకశక్తి చిప్పులను ఎగరేసుకొని పోవుటయే అందుకు ముఖ్య కారణం. ఎక్కడో వేల కోట్లతో కట్టే భవనానికి, పాతనగరంలో ఒక విద్యార్థి కొనదలచిన ర్యామ్ పలకకు సంబంధం ఉండునని కొన్నేళ్ళ క్రితం ఎవరైనా చెప్పియుంటే మేము నవ్వేవారము.

ఇక పెద్దలతో రెండు మాటలు. 'చదువు కొరకే కంప్యూటర్' అని ఇంట్లో చెప్పి ఆటలకు వాడుకొనే అలవాటు మనలో ఉన్నది. ఆ అబద్ధం మాకు నచ్చదు. మేము ఆట కొరకే బాగుచేసుకొన్నాము. అదే యంత్రంపై ఇప్పుడు ప్రోగ్రాములు కూడ వ్రాస్తున్నాము, కాని దానిని సాకుగా చూపదలచుకొనలేదు. పెద్దలు నిజంగా భయపడవలసిన ఆట వేరే ఉన్నది. జేబులోని ఫోనులో పందెం కాయించి, పరీక్ష ఫీజును మ్రింగిన ఆటలను మనం ఎరుగుదుము. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసినది. ఆ చట్టమే ఇ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించినది. చట్టం చూపిన ఈ భేదాన్ని ఇంట్లోను, కళాశాలలోను కూడ చూడవలెనని మా కోరిక. నలుగురూ చూస్తుండగా, ముందు గదిలో, ఒకేసారి ఖర్చుపెట్టిన యంత్రంపై ఆడే పిల్లవాడు, దుప్పటి క్రింద ఫోను వెలుగులో పందెం కాసేవాడు ఒక్కటి కారు.

కళాశాల కమిటీవారికి మా విన్నపం చిన్నది. ప్రయోగశాలలలో పని అయిపోయినవని తీసివేసే కంప్యూటర్లు ఎక్కడైనా చివరకు తుక్కు లెక్కన పోవుట వాడుక. వాటిని పంపేముందు ఒక నెల విద్యార్థులకు అప్పగించండి. ఒక బల్ల, నాలుగు స్క్రూడ్రైవర్లు, ఒక మల్టీమీటర్, వారానికి రెండు గంటలు కూర్చోగల ఒక అధ్యాపకుడు. అంతకు మించి అడుగము. అందులో ఏది బాగుపడునో, ఏది పడదో విప్పి చూచి నేర్చుకొంటాము. బాగుపడినవానిని అవసరమున్న విద్యార్థి ఇంటికి ఇవ్వవచ్చును. మిగిలినదానిని నిబంధనల ప్రకారం ఇ-వ్యర్థాల వారికే అప్పగించవచ్చును. పాత ఎస్‌ఎంపిఎస్‌ను కొత్తగా కొన్నవాడు తెచ్చి, దీనిని నమ్మవచ్చునా అని అడగటానికి ఒక చోటు ఉంటుంది. మాకు ఆనాడు అటువంటి చోటు లేదు. అడిగినది అమ్మేవానినే.

కాలిపోయిన ఆ కార్డును, ఆ ఏడు వందల ఎస్‌ఎంపిఎస్‌ను పారవేయలేదు. ప్రక్కనున్న కాగితం ఇంకా చెక్కు చెదరలేదు. 14 అన్న అంకె స్పష్టంగా కనబడుతున్నది. బల్ల ఇచ్చిన రోజున దానిమీద మొదట పెట్టేవి ఆ రెండే.